విదేశంలో సైకిల్ యాత్రకి బ్రేక్‌డౌన్ కవర్ కొనాలా? (పాసావ్ నుంచి వియన్నా, జూన్)

వైజాగ్_బీచ్‌రోడ్ (విశాఖపట్నం) | మార్చి 9, 2025

అందరికీ నమస్కారం. ఇక్కడ మీరు రాసేవి రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు 61, మా ఆవిడకి 57. మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. జూన్‌లో దాని దగ్గరికి వెళ్తున్నాం. అక్కడి నుంచి జర్మనీ సరిహద్దు ఊరు పాసావ్ వెళ్లి, డాన్యూబ్ నది పక్కన ఆస్ట్రియాలోని వియన్నా దాకా సైకిల్ మీద వెళ్లాలని నా చిరకాల కోరిక. దాదాపు 320 కిలోమీటర్లు. జూన్ 15న బయల్దేరి 21కి చేరేలా ఏడు రోజులు అనుకున్నాం. నాకు మామూలు సైకిల్, మోకాళ్ల నొప్పులున్న తనకి బ్యాటరీ సైకిల్, రెండూ అక్కడే అద్దెకి.

నేను రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా తొక్కుతాను. ఆదివారాలు భీమిలి. పంక్చర్ అయితే ఏముంది, నడిపించుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట షాపు ఉంటుంది, కుర్రాడు పది నిమిషాల్లో అతుకు వేసి ఇస్తాడు. అందుకే ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా టైరు విప్పలేదు.

మా ఆవిడ మొన్న రాత్రి ఒకే ప్రశ్న అడిగింది: "మధ్యలో ఆగిపోతే ఏం చేస్తాం?" నా దగ్గర జవాబు లేదు. వెతికితే ఒక కంపెనీ సైకిళ్లకి బ్రేక్‌డౌన్ కవర్ అమ్ముతోంది. ఒక్కో సైకిల్‌కి 45 యూరోలు, ఇద్దరికీ 90. మన డబ్బుల్లో ఎనిమిది వేలకి పైమాటే. ఫోన్ చేస్తే బండి వచ్చి సైకిల్‌తో సహా దగ్గర్లోని షాపుకో స్టేషన్‌కో చేరుస్తారట. తీసుకోమంటారా?

---

పెడల్_పంతులు (హైదరాబాద్) | మార్చి 9, 2025

స్వాగతం మాస్టారూ. మంచి దారి ఎంచుకున్నారు.

నా మాట సూటిగా చెప్తాను: ఆ 90 యూరోలు పెట్టకండి. దాంట్లో సగం కూడా కాకుండానే రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లీవర్లు, అతుకుల డబ్బా, చిన్న పంపు వస్తాయి. మార్చి నుంచి జూన్ దాకా మూడు నెలల టైముంది. వారానికోసారి ఇంట్లో టైరు విప్పి బిగించండి. పదోసారికి చెయ్యి తిరుగుతుంది.

నేను బ్రెవేలు, అంటే నిర్ణీత గంటల్లో పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్రలు తొక్కుతాను. 200, 300, 400, 600 కిలోమీటర్లు, బయటి సాయం లేకుండా. 2023 ఆగస్టులో పారిస్–బ్రెస్ట్–పారిస్‌కి వెళ్లాను, 1200 కిలోమీటర్లు, 90 గంటలు. అక్కడ కంట్రోల్ పాయింట్ల (తనిఖీ చోట్ల) దగ్గర తప్ప దారిలో మన మనుషులు సాయం చేయకూడదు. రెండో రాత్రి నా వెనక గేరు కేబుల్ షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేరు మీట) లోపలే తెగిపోయింది. అర్ధరాత్రి, చలి, చుట్టూ పొలాలు. టార్చి నోట్లో పెట్టుకుని వెనక చక్రం దగ్గర గొలుసుని జరిపే డిరైలర్ మీదున్న చిన్న లిమిట్ స్క్రూని స్క్రూడ్రైవర్‌తో లోపలికి తిప్పాను. గొలుసు చివరి చిన్న పళ్లచక్రం నుంచి కాస్త పెద్దదాని మీదకి వచ్చి నిలబడింది. ఆ ఒక్క గేరుతోనే తర్వాతి కంట్రోల్ దాకా తొక్కాను, అక్కడ మెకానిక్ కొత్త కేబుల్ వేశాడు. ఆ స్క్రూ సంగతి తెలియకపోతే నా యాత్ర అక్కడితో అయిపోయేది. ఏ కవరూ ఆ పొలం మధ్యకి నిమిషాల్లో వచ్చేది కాదు.

మన చేతిలో పని ఉంటే ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

---

మ్యూనిక్_మల్లె (మ్యూనిక్) | మార్చి 10, 2025

బాబాయ్ గారూ, నమస్తే. నేను ఆ దారిలో రెండుసార్లు వెళ్లాను, ఒకసారి మా ఆరేళ్ల బాబుతో. కవర్ సంగతి తేల్చుకునే ముందు దారి ఎలా ఉంటుందో తెలుసుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

నది తూర్పుకి పారుతుంది, మీరు దాని వెంటే వెళ్తారు కాబట్టి దారి దాదాపు చదునుగా, కొద్దిగా పల్లంగా ఉంటుంది. గాలి కూడా ఎక్కువగా పడమటి నుంచే, అంటే వెనక నుంచి. చాలా దూరం కార్లు రాని తారు బాట. రెండు ఒడ్లలోనూ దారి ఉంది, మధ్యమధ్య పడవలు దాటిస్తాయి.

సాయం దొరకడం మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పాసావ్ నుంచి ఆషాఖ్ దాకా, అంటే మొదటి 65 కిలోమీటర్లు, నది లోయలో పోతుంది. అటూ ఇటూ అడవి కొండలు. ష్లోగెన్ దగ్గర నది గుర్రపు నాడాలా వెనక్కి తిరుగుతుంది, అక్కడి అందం చూసి తీరాలి. కానీ ఆ ముక్కలో నది పక్కన రైలు లేదు. పాసావ్ నుంచి లింట్స్‌కి రైలు దక్షిణంగా వేల్స్ మీదుగా పోతుంది. షాపులూ తక్కువే. లింట్స్ పెద్ద ఊరు, అన్నీ దొరుకుతాయి. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా వాఖావ్ లోయ, ద్రాక్ష తోటలు, ఊరు దాటితే ఊరు. ఉత్తరపు ఒడ్డున చిన్న రైలు కూడా ఉంది. క్రెమ్స్ తర్వాత వియన్నా దాకా రైళ్లకి కొదవ లేదు. కాబట్టి బండి ఆగితే ఇబ్బంది పడే చోటు ముఖ్యంగా మొదటి రోజున్నర.

ఇక మీ అమ్మాయికి ఇక్కడి ఆడాక్ అనే మోటారు క్లబ్ సభ్యత్వం ఉండే ఉంటుంది, కారున్న వాళ్లలో చాలామందికి ఉంటుంది. ఆ పసుపుపచ్చ కార్ల వాళ్లు 2022 నుంచి జర్మనీ అంతటా సభ్యుల సైకిళ్లకి కూడా దారిలో రిపేరు సాయం చేస్తున్నారు. కానీ ఆ సభ్యత్వం మనిషి పేరు మీద ఉంటుంది. అమ్మాయి కార్డు మీ సైకిల్‌కి పనికిరాదు. పైగా పాసావ్ దాటిన కాసేపటికే మీరు ఆస్ట్రియాలో ఉంటారు.

ఇంకొకటి. మీ తేదీల్లో జూన్ 15 ఆదివారం, 19 గురువారం క్యాథలిక్‌ల ఫ్రోన్‌లైఖ్‌నామ్ పండుగ. రెండు రోజులూ షాపులు మూసేస్తారు, సైకిల్ షాపులు కూడా. ఇది కాగితం మీద రాసి పెట్టుకోండి.

---

బెజవాడ_టు_లీడ్స్ (లీడ్స్, ఇంగ్లండ్) | మార్చి 10, 2025

నా అనుభవం కొంచెం వేరు, కానీ ఇక్కడ చెప్పాల్సిందే. మేము 2019లో కారు వెనక ర్యాక్ మీద నాలుగు సైకిళ్లు కట్టుకుని, డోవర్ నుంచి కలే దాకా ఓడలో దాటి, ల్వార్ నది దారి తొక్కడానికి ఫ్రాన్స్ వెళ్లాం. కారుకి యూరప్ బ్రేక్‌డౌన్ కవర్ తీసుకున్నాను, చాలా ధీమాగా ఉన్నాను.

టూర్ దగ్గర మోటార్‌వే మీద క్లచ్ పోయింది. కవర్ నంబర్‌కి ఫోన్ చేస్తే, ఫ్రాన్స్‌లో మోటార్‌వే మీద మేము రాలేం, పక్కన ఉన్న నారింజ రంగు ఎమర్జెన్సీ ఫోన్ నుంచి పిలవండి, అక్కడి అనుమతి ఉన్న బండే లాగుతుంది, బిల్లు తర్వాత మాకు పంపండి అన్నారు. అక్కడ పద్ధతే అది. అది తెలియక గట్టు మీద పిల్లలతో ముప్పావు గంట నిలబడ్డాం.

తర్వాతి రోజు అద్దె కారు ఇచ్చారు. మంచిదే. కానీ దానికి వెనక టో బార్ లేదు. మా ర్యాక్ దానికి బిగించడం కుదరదు. నాలుగు సైకిళ్లు గ్యారేజీలో వదిలేసి, యాత్రంతా కారులో తిరిగి, చివర్లో వాటి కోసం మళ్లీ వెనక్కి వెళ్లాం. పాలసీ కాగితం తీసి చూస్తే "వాహనమూ, ప్రయాణికులూ" అని ఉంది. సైకిళ్ల మాట ఎక్కడా లేదు.

కారు మీద సైకిళ్లు తీసుకెళ్లే వాళ్లెవరైనా చదువుతుంటే, కొనే ముందే అడగండి: అద్దె కారు ఇస్తే సైకిళ్ల సంగతేంటి?

---

వైజాగ్_బీచ్‌రోడ్ | మార్చి 11, 2025

అందరికీ ధన్యవాదాలు. మ్యూనిక్_మల్లె గారూ, మీరు దారి వర్ణించిన తీరుకి మా ఆవిడ మొదటిసారి మ్యాపు తనంతట తాను తెరిచింది.

పంతులు గారూ, మీరన్నట్టు నా సైకిల్ టైరు నేర్చుకుంటాను. కానీ తన బ్యాటరీ సైకిల్ నా వల్ల అవుతుందా? ఇక్కడి నుంచే ఒకటి కొని తీసుకెళ్దామా అని కూడా ఆలోచించాను, అప్పుడు దాని మీద ఇక్కడే ప్రాక్టీసు అవుతుంది కదా.

---

గాలిపంపు (యూట్రెక్ట్, నెదర్లాండ్స్) | మార్చి 11, 2025

అన్నా, బ్యాటరీ సైకిల్ విమానంలో తీసుకెళ్లే ఆలోచన వదిలేయండి. ప్రయాణికుడి సామానులో 160 వాట్ అవర్లకి మించిన లిథియం బ్యాటరీని ఒప్పుకోరు. సైకిల్ బ్యాటరీలు చాలా మటుకు 400 నుంచి 600 పైన ఉంటాయి. అద్దెకే తీసుకోండి.

ఇక పంతులు గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆయన పది కిలోల సైకిల్ తొక్కే మనిషి, టైరు చేతివేళ్లతో ఊడదీస్తారు. బ్యాటరీ సైకిల్ పాతిక కిలోలు ఉంటుంది. మోటారు వెనక చక్రంలో ఉంటే దానికి వైరు ఉంటుంది, నట్లు పెద్దవి, వేరే స్పానర్ కావాలి. మోటారు ఆగితే పాతిక కిలోల్ని మోకాళ్ల నొప్పులున్న మనిషి తొక్కాలి. చదునైన దారిలో పది కిలోమీటర్లు పర్వాలేదు. నలభై అంటే ఎలా?

నేను ఉండే దేశంలో సైకిల్ అంటే చెప్పులు లాంటిది, అందరికీ ఉంటుంది. అయినా ఇక్కడి ఏఎన్‌డబ్ల్యూబీ అనే మోటారు క్లబ్ సైకిళ్లకి దారి సాయం అమ్ముతుంది, జనం కొంటారు. ముఖ్యంగా పెద్దవాళ్లు, బ్యాటరీ సైకిళ్లున్న వాళ్లు. పని రాక కాదు, రోడ్డు పక్కన ఆ బరువుతో కుస్తీ పట్టడం ఇష్టం లేక.

కాబట్టి నా ఓటు: మీ మామూలు సైకిల్‌కి వద్దు. వదినగారి సైకిల్‌కి ఏదో ఒక ఏర్పాటు ఉండాలి.

ఒక చిట్కా కూడా. పంక్చర్‌కి చక్రం ఊడదీయక్కర్లేదు. మోటారు ఆపేసి, బ్యాటరీ తీసి పక్కన పెట్టి, సైకిల్‌ని గొలుసు పైకి వచ్చేలా గడ్డి మీద పడుకోబెట్టండి. తలకిందులు చేయొద్దు, హ్యాండిల్ మీది తెర పగులుతుంది. టైరు ఒక పక్క మాత్రమే లీవరుతో విప్పి, రంధ్రం ఉన్న చోట ట్యూబు బయటికి లాగి, అక్కడే అతుకు వేసి, మళ్లీ లోపలికి తోసేయండి. ఇక్కడి షాపుల వాళ్లు కూడా చాలా పంక్చర్లు ఇలాగే వేస్తారు.

---

పెడల్_పంతులు | మార్చి 12, 2025

గాలిపంపు గారి మాట నిజమే, బ్యాటరీ సైకిల్ బరువు నేను లెక్కలోకి తీసుకోలేదు. చక్రం ఊడదీయకుండా అతుకు వేసే పద్ధతి వందకి వంద మార్కులు, దానికి నేనూ ఓటేస్తాను.

కానీ ఒక విషయంలో నా మాట మీదే ఉన్నాను. కవర్ ఉందన్న ధీమాతో నేర్చుకోవడం మానేస్తారు. ఆ బండి రావడానికి గంటన్నర పట్టొచ్చు. వాన పడుతుంటే ఆ గంటన్నర చాలా పొడుగు. అతుకు వేయడం పావుగంట.

సంచీలో ఏం ఉండాలో కూడా చెప్తాను. అద్దె సైకిల్ చేతికి రాగానే టైరు పక్కన ఉన్న అంకె చదవండి. 37-622 లాంటిది ఉంటుంది. అదే కొలతకి ట్యూబ్ కొనండి. తర్వాత వాల్వ్ చూడండి. మన సైకిళ్లకి ఉండే వుడ్స్ వాల్వ్ లాంటిదే జర్మనీ, ఆస్ట్రియాల్లో మామూలు సైకిళ్లకి చాలా వాటికి ఉంటుంది, కొన్నింటికి కారు వాల్వ్, రేసు సైకిళ్లకి సన్నటి ప్రెస్టా. మీ పంపు తల ఆ వాల్వ్‌కి పడుతుందో లేదో షాపులోనే గాలి కొట్టి చూడండి. మంచి పంపు ఉండి కూడా తల సరిపోక దారిలో కూర్చుండిపోయిన వాళ్లని ముగ్గుర్ని చూశాను. ఇంకా ఖాళీ టూత్‌పేస్టు ట్యూబ్ ముక్క ఒకటి కత్తిరించి ఉంచుకోండి. టైరే తెగితే లోపల అడ్డం పెట్టడానికి అంతకన్నా మంచిది లేదు. బరువు సున్నా.

---

షరతులు_చదివే_మనిషి (హైదరాబాద్) | మార్చి 13, 2025

నేను పద్దెనిమిదేళ్లుగా ఇన్సూరెన్స్ క్లెయిముల పనిలో ఉన్నాను. ఇక్కడ అందరూ సైకిల్ గురించే మాట్లాడుతున్నారు. సైకిల్ ఆగిపోతే పోయేది ఒక పూట. మనిషి పడితే?

ముందు బ్రేక్‌డౌన్ కవర్ సంగతి ముగిస్తాను. సార్, ఆ కంపెనీ షరతుల్లో "ఎవరు కొనవచ్చు" అనే పేరా చూడండి. ఇలాంటి కవర్లు చాలా వరకు ఆ దేశంలో నివాసం ఉన్నవాళ్లకే. వెబ్‌సైట్ మీ దగ్గర డబ్బు కట్టించుకుంటుంది, విశాఖపట్నం అడ్రసు చూసి క్లెయిము దగ్గర ఆగుతుంది. తర్వాత "బండి వెళ్లగలిగే రోడ్డు" అన్న మాట వెతకండి. మీరు తొక్కేది కార్లు రాని బాట. మీరే సైకిల్‌ని రోడ్డు దాకా తోసుకు రావాలి. అద్దె సైకిల్‌కి వర్తిస్తుందా అన్నది మూడోది. కొన్ని సొంత సైకిల్‌కే ఇస్తాయి. విడి భాగాల ఖరీదు ఎలాగూ మీదే.

ఇప్పుడు అసలు సంగతి. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ కావాలి. అందరూ వీసా కోసం అన్నింటికన్నా చవకది కొని, ఆ కాగితం మళ్లీ తెరవరు. దయచేసి తెరవండి. "సాహస క్రీడలు" మినహాయింపుల్లో సైకిల్ యాత్ర ఉందా? "మోటారు ద్విచక్ర వాహనం" అంటే దాంట్లో బ్యాటరీ సైకిల్ వస్తుందా? యూరప్‌లో 25 కిలోమీటర్ల వేగం దగ్గర మోటారు సాయం ఆగిపోయే సైకిల్‌ని మామూలు సైకిల్‌గానే చూస్తారు. 45 దాకా పోయేది వేరు, దానికి నంబర్ ప్లేటు, బీమా కావాలి. మీ పాలసీ రాసిన వాళ్లకి ఈ తేడా తెలుసో లేదో మనకి తెలియదు. కాబట్టి ఈమెయిల్ పెట్టి అడగండి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్‌లో "కవర్ అవుతుంది సార్" అన్న మాట క్లెయిము రోజున ఎక్కడా కనపడదు. నా బల్ల మీదకి వచ్చి తిరిగి వెళ్లిన ఫైళ్లలో ఆ "అవుతుంది సార్" ఎన్నిసార్లు చదివానో. కుటుంబాలు ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే చెప్పడానికి మాట ఉండదు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

చివరిది, మీ వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే కట్టాల్సిన పరిహారం. అందరూ తిరిగే బాట అది, పిల్లలు అడ్డం వస్తారు. పాలసీలో థర్డ్ పార్టీ బాధ్యత ఉందా, సైకిల్ తొక్కేటప్పుడు కూడా వర్తిస్తుందా, చూడండి. ఆ 90 యూరోలు ఖర్చు పెట్టాలని ఉంటే వైద్య బీమాని పెద్దది చేయడానికి పెట్టండి.

---

మ్యూనిక్_మల్లె | మార్చి 13, 2025

పైన ఆయన చెప్పిన పరిహారం మాట అక్షరాలా నిజం. జర్మనీలో చాలా ఇళ్లకి ఆ బాధ్యత బీమా ఉంటుంది, అది లేకుండా ఎలా ఉంటున్నారని పక్కింటివాళ్లు ఆశ్చర్యపోతారు.

బాబాయ్ గారూ, అద్దె సైకిళ్ల గురించి ఒక మాట. ఈ దారి మీద బాగా నడిచే అద్దె షాపులు చాలా వరకు తమ సాయం తామే చేస్తాయి, పెద్ద రిపేరు వస్తే వేరే సైకిల్ తెచ్చి ఇస్తాయి. బుక్ చేసే ముందు మూడు అడగండి: ఆదివారం, పండుగ రోజు ఫోన్ ఎత్తుతారా? ఏ ఊరి దాకా వస్తారు? ఎన్ని గంటల్లో? అది సరిగ్గా ఉంటే వేరే కవర్ అక్కర్లేదు. అంతగా అయితే ప్రాంతీయ రైళ్లలో సైకిల్‌కి టికెట్ తీసుకుని ఎక్కించుకోవచ్చు.

---

నిడదవోలు_నుంచి (చెన్నై) | మార్చి 14, 2025

అన్నయ్యగారూ, అందరి సలహాలూ బాగున్నాయి. కానీ వదినగారు అడిగిన ప్రశ్న మళ్లీ చదివాను. "మధ్యలో ఆగిపోతే ఏం చేస్తాం?" అన్నారు. ఇక్కడ అందరూ మీకే నేర్పుతున్నారు. ఆవిడకి ఎవరూ ఏమీ నేర్పలేదు.

నేను మా అమ్మతో కలిసి కేరళ, శ్రీలంక సైకిల్ మీద తిరిగాను. మొదటి యాత్రలో అమ్మ ప్రతి చప్పుడికీ భయపడేది. గొలుసు టక్కుమంటే చాలు, ఆపేసేది. రెండో యాత్రకి ముందు మా వీధి మెకానిక్ దగ్గర నాలుగు మధ్యాహ్నాలు కూర్చోబెట్టాను. ఏ చప్పుడు దేనిదో ఆయన చెప్పాడు. ట్యూబులో నీళ్ల బుడగ ఎక్కడ వస్తుందో అమ్మే తొట్టెలో ముంచి కనిపెట్టింది. ఆ తర్వాత నా కన్నా తనే ముందు వెళ్లేది.

వదినగారిని కూడా నేర్చుకోనివ్వండి. ఫోన్ నంబర్లు ఆవిడ ఫోన్‌లో కూడా ఉంచండి, అత్యవసర నంబరు 112తో సహా. మీరు ముందు వెళ్లిపోయి, ఆవిడ వెనక ఒక్కరే ఆగిపోతే?

---

పెడల్_పంతులు | మార్చి 14, 2025

అక్కా, ఇది నాకు తట్టలేదు. చాలా మంచి మాట.

---

వైజాగ్_బీచ్‌రోడ్ | ఏప్రిల్ 6, 2025

ఇన్ని రోజులు రాయనందుకు క్షమించాలి. వీసా పనుల్లో ఉన్నాను.

కవర్ షరతులు చదివాను. ఏడో పేజీలో ఉంది, సొంత సైకిల్‌కే, పైగా అక్కడ నివాసం ఉన్నవాళ్లకే. నేను డబ్బు కట్టేసి ఉంటే పోయేవే. షరతులు_చదివే_మనిషి గారికి చేతులెత్తి నమస్కారం.

వైద్య బీమా పెద్దది తీసుకున్నాం. బ్యాటరీ సైకిల్ సంగతి ఈమెయిల్‌లో అడిగాను. మొదటి జవాబులో అర్థం కాకుండా రాశారు, రెండోసారి మోటారు సాయం 25 దగ్గర ఆగిపోయే సైకిల్ అని స్పష్టంగా రాస్తే, వర్తిస్తుందని తేల్చి చెప్పారు. ప్రింటు తీసి పెట్టాను.

అద్దె షాపులు నాలుగింటికి రాశాం. ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఒకరు పండుగ రోజు రామన్నారు. నాలుగో వాళ్లు ఫోన్ ఎత్తుతామనీ, సైకిల్ మార్చాల్సి వస్తే మర్నాడు పొద్దున తెస్తామనీ రాశారు. కొంచెం ఖరీదు ఎక్కువే, వాళ్లనే ఖాయం చేశాం.

మా ఆవిడ మధురవాడలో మా సైకిల్ షాపు కుర్రాడి దగ్గరికి శనివారాలు వెళ్తోంది. నేను టైరు విప్పడానికి ఇరవై నిమిషాలు తీసుకుంటే తను పన్నెండు.

---

వైజాగ్_బీచ్‌రోడ్ | జూన్ 24, 2025

వియన్నా నుంచి మ్యూనిక్ వచ్చేశాం. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

మొదటి రోజు ఆదివారం, లోయలో ష్లోగెన్ దాకా. మీరు చెప్పినట్టే, అడవి, నది, మేము. ఏమీ కాలేదు. మూడో రోజు గ్రైన్ దగ్గర నా గొలుసు ఒకసారి జారింది, అంతే.

అయింది సరిగ్గా 19న. మల్లె గారు రాసి పెట్టుకోమన్న పండుగ రోజు. మెల్క్ నుంచి బయల్దేరి స్పిట్స్ దాటాం. వీధుల పక్కన పచ్చటి బర్చ్ కొమ్మలు నిలబెట్టి ఉన్నాయి, ఊరేగింపు అప్పుడే అయినట్టుంది. నేను వంద గజాలు ముందున్నాను. బెల్ వినిపించి వెనక్కి చూస్తే తను ఆగిపోయింది. వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. గోరంత గాజు ముక్క, టైరునే కోసేసింది.

అద్దె షాపుకి ఫోన్ చేశాను. ఎత్తారు. టైరు తెగిందంటే, రేపు పొద్దున క్రెమ్స్‌లో మీ హోటల్‌కి వేరే సైకిల్ తెస్తాం, ఈ పూటకి అక్కడి దాకా ఎలాగైనా రండి అన్నారు. ఇంకా పదిహేను కిలోమీటర్లు. వైస్సెన్‌కిర్ఖెన్‌లో రైలు ఎక్కుదాం, అక్కడి దాకా నడిపిద్దాం అన్నాను.

తను నా మాట వినలేదు. బ్యాటరీ తీసి గట్టు మీద పెట్టింది. సైకిల్‌ని ద్రాక్ష తోట పక్కన గడ్డిలో పడుకోబెట్టింది. "ఒక పక్క చాలు" అంటూ లీవరు దోపింది. గాజు ముక్కని పిన్నీసుతో తీసి, ట్యూబు బయటికి లాగి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ఊదుతూ కూర్చుంది. నేను పేస్టు ట్యూబు ముక్క అందించాను. టైరు లోపల దాన్ని పెట్టి సర్దింది. పంపు తల సరిపోయింది, పాసావ్‌లోనే కొట్టి చూసుకున్నాం. తోటలోంచి ఒక పెద్దాయన వచ్చి నిలబడి చూశాడు. భాష తెలియదు. అయిపోయాక తన చేతులు చూసి, తోట కొళాయి చూపించాడు. సబ్బు కూడా తెచ్చిచ్చాడు.

మొత్తం ముప్పై అయిదు నిమిషాలు. గాలి కొంచెం తక్కువగా ఉంచి, మెల్లగా క్రెమ్స్ దాకా తొక్కింది. రైలు ఎక్కలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకి షాపు వాళ్ల వ్యాన్ వచ్చింది. ఆ అబ్బాయి టైరు విప్పి, లోపల పేస్టు ట్యూబు ముక్క చూసి, ఇది ఎవరు పెట్టారని అడిగాడు. నేను తనని చూపించాను.

---

నిడదవోలు_నుంచి | జూన్ 24, 2025

వదినగారికి నా నమస్కారాలు చెప్పండి అన్నయ్యగారూ. రెండుసార్లు చదివి మా అమ్మకి వినిపించాను.

---

గాలిపంపు | జూన్ 25, 2025

అన్నా, ఒక్క అనుమానం. ఇదే పాసావ్ దాటాక లోయలో, వానలో, మోటారు పాడై జరిగి ఉంటే?

---

వైజాగ్_బీచ్‌రోడ్ | జూన్ 25, 2025

అదే ఆలోచించాను తమ్ముడూ. మోటారు పోయి ఉంటే అతుకు డబ్బా ఏమీ చేసేది కాదు. అప్పుడు ఆ షాపు ఫోన్ నంబరే దిక్కు, రాత్రికి దగ్గర్లోని బసలో దిగి పొద్దున దాకా ఆగాల్సి వచ్చేది. అందుకే వచ్చే ఏడాది ఎవరైనా అడిగితే ముందు అద్దె షాపు పండుగ రోజు ఫోన్ ఎత్తుతుందో లేదో కనుక్కోమంటాను. వచ్చే మార్చిలో మేము మోజెల్ నది దారి అనుకుంటున్నాం. ఈసారి మ్యాపు తన దగ్గరే ఉంది. ఆ దారి తొక్కిన వాళ్లుంటే, ఏ ముక్కలో రైలు దూరంగా ఉంటుందో చెప్పండి.